బ్రిటన్ నగర కౌన్సిళ్ల అలాట్‌మెంట్ తోటలు

బ్రిటన్‌లో నగర, పట్టణ కౌన్సిళ్లు తమ చేతిలో ఉన్న భూమిని చిన్న చిన్న మడులుగా విడగొట్టి స్థానికులకు ఏటి కౌలుకు ఇస్తాయి. ఈ ఏర్పాటునే అలాట్‌మెంట్ అంటారు. కౌలుదారు ఆ మడిలో తన ఇంటికి కావలసిన కూరగాయలు, పండ్లు పండించుకుంటాడు, ఇష్టమైతే ఒక వార పూలు వేసుకుంటాడు. అక్కడ కాపురం ఉండకూడదు, అమ్మకం కోసం పండించకూడదు. మామూలు మడి కొలత 10 రాడ్లు. రాడ్ అనేది పాత ఇంగ్లండు భూమి కొలత. 10 రాడ్లంటే సుమారు 250 చదరపు మీటర్లు. మన లెక్కలో 300 గజాల పైచిలుకు, ఆరుంపావు సెంట్లు, రెండున్నర గుంటలు. ఒక కుటుంబానికి ఏడాదిలో చాలా నెలలు కూరగాయలకు లోటు లేకుండా చూసే నేల ఇది.

నగరాల్లో నలుగురూ కలిసి తోటలు పెంచుకోవడం చాలా దేశాల్లో ఉంది. బ్రిటన్ పద్ధతిని విడిగా చెప్పుకోవడానికి కారణం దాని వెనుక ఉన్న చట్టం. ఊళ్లో మడులు కావాలనే వాళ్లు ఉంటే కౌన్సిల్ భూమి చూపించి తీరాలి. ఇచ్చిన మడిని తోచినప్పుడు తిరిగి లాక్కోవడానికి వీల్లేదు. రెండు ప్రపంచ యుద్ధాలను, సూపర్ మార్కెట్లను, చుక్కలనంటిన స్థలాల ధరలను తట్టుకుని ఈ తోటలు ఇప్పటికీ మూడు లక్షల మడులకు పైగా నిలిచాయంటే అందుకు తోటమాలుల శ్రమ ఎంత కారణమో ఈ కౌలు భద్రతా అంతే కారణం.

కంచెలు పడిన కాలం

అలాట్‌మెంట్ల పుట్టుక పేదల నష్టంలో ఉంది. ఇంగ్లండు పల్లెల్లో ఒకప్పుడు ఊరుమ్మడి బీళ్లు ఉండేవి. భూమి లేనివాడు కూడా అక్కడ ఆవును మేపుకునేవాడు, వంటచెరకు ఏరుకునేవాడు. పదిహేడో శతాబ్దం నుంచి పంతొమ్మిదో శతాబ్దం దాకా పార్లమెంటు ఒకదాని వెంట ఒకటిగా చట్టాలు చేసి ఈ బీళ్లకు కంచెలు వేయించి సొంత ఆస్తులుగా మార్చింది. దాన్ని ఎదిరించినవాళ్లూ ఉన్నారు. 1649లో జెరార్డ్ విన్‌స్టన్లీ, ఆయన అనుచరులు సర్రీ ప్రాంతంలోని సెయింట్ జార్జ్ గుట్ట మీద ఉమ్మడి నేలను తవ్వి క్యారెట్లు, చిక్కుళ్లు నాటారు. భూమి అందరిదీ అని వాళ్ల వాదం. కొద్ది నెలల్లోనే వాళ్లను అక్కడి నుంచి తరిమేశారు.

కూలికి నేల ఇవ్వాలన్న మాట నూటయాభై ఏళ్లు పోయాక మళ్లీ వినిపించింది. ఈసారి అడిగింది కొందరు మత గురువులు, భూస్వాములు. 1809లో విల్ట్‌షర్‌లోని గ్రేట్ సోమర్‌ఫర్డ్‌లో అక్కడి చర్చి గురువు చొరవతో ఏర్పడిన తోటలు ఇప్పటికీ ఉన్నాయి. దేశంలో అతి పాత అలాట్‌మెంట్లుగా వాటికి పేరు. రైతులు మాత్రం ఈ ఆలోచనకు జంకారు. కూలివాడికి సొంత మడి ఉంటే తమ పొలానికి ఎవరొస్తారన్నది వాళ్ల భయం. కాబట్టి మడి చిన్నదిగానే ఉండాలని వాళ్లు పట్టుబట్టేవారు. 1845 నాటి కంచెల చట్టం పేదల తోటలకు కొంత నేల విడిచిపెట్టాలని చెప్పింది గానీ, ఆ తర్వాత కంచె పడిన లక్షల ఎకరాల్లో పేదలకు దక్కినవి కొద్ది వేల ఎకరాలే.

నగరాల్లో కథ మరోలా నడిచింది. నాటింగ్‌హామ్‌లోని సెయింట్ ఆన్స్ తోటలు మొదట దుకాణదారులు, చేతిపనివాళ్లు సాయంత్రం గాలి పీల్చుకోవడానికి అద్దెకు తీసుకున్న విహార వనాలు. చుట్టూ పొదల కంచె, లోపల ఇటుకతో కట్టిన చిన్న గది. క్రమంగా అవి కార్మికుల కూరగాయల మడులయ్యాయి. 75 ఎకరాల ఈ తోట ఇప్పుడు నగర కౌన్సిల్ ఆస్తి. చారిత్రక ఉద్యానాల జాతీయ జాబితాలో దానికి రెండో శ్రేణిలో పై గుర్తింపు ఉంది. కోటలకు, జమీందారీ వనాలకు ఇచ్చే రక్షణ క్యాబేజీ మడులకు కూడా ఇవ్వడం నిజంగా మెచ్చుకోదగ్గ పని.

చట్టాలు ఏం చెబుతాయి

1887లో వచ్చిన అలాట్‌మెంట్ల చట్టం స్థానిక సంస్థల మీద మొదటిసారి బాధ్యత పెట్టింది. పనిచేసే చట్టం అనదగ్గది మాత్రం 1908లో వచ్చింది. ఊళ్లోని ఆరుగురు ఓటర్లు సంతకాలు చేసి మడులు కావాలని అడిగితే కౌన్సిల్ ఆ విన్నపాన్ని తప్పనిసరిగా పరిశీలించాలి. అవసరం ఉందని తేలితే తగినన్ని మడులు చూపించాలి. కౌన్సిల్ దగ్గర భూమి లేకపోతే కొనవచ్చు, కౌలుకు తీసుకోవచ్చు. మొదట్లో ఇది కూలినాలి చేసుకునేవాళ్లకే పరిమితం. యుద్ధం నుంచి సైనికులు తిరిగొచ్చిన 1919లో ఆ హద్దు తీసేశారు. అప్పటి నుంచి అలాట్‌మెంట్ ఎవరైనా అడగవచ్చు.

1922 చట్టం కౌలుదారుకు రక్షణ తెచ్చింది. మడిని ఖాళీ చేయించాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలి. దాని గడువు 1950లో 12 నెలలకు పెరిగింది. అంతకన్నా గొప్ప సంగతి ఇంకొకటి ఉంది. ఆ నోటీసు గడువు ఏప్రిల్ 6 లోపు గానీ, సెప్టెంబరు 29 తర్వాత గానీ ముగియాలి. అంటే నాట్లు పడి పంట చేతికొచ్చే నెలల్లో ఎవరినీ నేల మీద నుంచి లేపడానికి లేదు. పంట కాలాన్ని కౌలు చట్టంలో తేదీలతో సహా రాసిన ఆ వాక్యం, నగర భూచట్టాల్లో నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మానవీయమైనది. ఖాళీ చేసి వెళ్లేవారికి నేలలో ఉన్న పంటకు, వేసిన ఎరువుకు పరిహారం కూడా ఉంటుంది. కౌలు 40 రోజులు బాకీ పడితే మాత్రం నెల నోటీసుతో మడి పోతుంది.

1925 చట్టం ఏకంగా కౌన్సిల్ చేతులనే కట్టింది. అలాట్‌మెంట్ల కోసమే సంపాదించిన భూమిని అమ్మాలన్నా, వేరే పనికి మళ్లించాలన్నా కేంద్ర మంత్రి అనుమతి కావాలి. అక్కడి తోటమాలులకు వేరేచోట సరైన నేల చూపిస్తున్నారని, లేదా అది అవసరం లేదనో సాధ్యం కాదనో తేలితేనే ఆ అనుమతి దొరుకుతుంది. ఇలాంటి వాటిని చట్టబద్ధ అలాట్‌మెంట్లు అంటారు. మరోపని కోసం కొని, ఆ పని మొదలయ్యేదాకా తోటలకు వదిలిన నేల తాత్కాలికం. దానికి ఈ రక్షణ లేదు. చూడటానికి రెండు తోటలూ ఒకేలా ఉంటాయి. తమ మడి ఏ రకమో తెలియకుండానే ఏళ్ల తరబడి సాగు చేసినవాళ్లు తీరా నోటీసు వచ్చాక ఆ తేడా తెలుసుకున్న సందర్భాలు ఎన్నో.

1950 చట్టం మడిలో కోళ్లు, కుందేళ్లు పెంచుకునే హక్కునిచ్చింది. అమ్మకానికి కాదు, ఇంటి వాడకానికే. కోడిపుంజుకు మాత్రం అనుమతి లేదు. చుట్టుపక్కల వాళ్ల తెల్లవారుజాము నిద్ర కూడా చట్టం లెక్కలోకి తీసుకుంది.

ఇంకొక లోటు చెప్పాలి. మడులు చూపించే ఈ బాధ్యత లండన్ నడిబొడ్డున బరోలు అనే స్థానిక సంస్థలకు వర్తించదు. 1963 చట్టం వాటిని మినహాయించింది. నేల అన్నిటికన్నా కరువైన చోటే హక్కు లేకపోయింది.

రోజువారీ నిర్వహణ

కౌన్సిల్‌లో ఈ పని సాధారణంగా పార్కుల విభాగానిది. అలాట్‌మెంట్ ఆఫీసర్ దగ్గర ఒక నిరీక్షణ జాబితా ఉంటుంది. మడి ఖాళీ అయితే జాబితాలో పైనున్న వారికి కబురు వెళ్తుంది. కొన్నిచోట్ల నెలల్లో దొరుకుతుంది, కొన్నిచోట్ల ఏళ్లు పడుతుంది, లండన్ లోపలి ప్రాంతాల్లో దశాబ్దాలు ఎదురుచూడాల్సిన జాబితాలూ ఉన్నాయి. ఈ ఒత్తిడికి చాలా కౌన్సిళ్లు పది రాడ్ల మడిని రెండు ముక్కలు చేసి ఇస్తున్నాయి. ఉద్యోగం చేసుకునేవాళ్లకు అయిదు రాడ్లే చాలన్నది వాళ్ల అనుభవం. కొత్తగా చేరినవారు చాలామంది మొదటి రెండేళ్లలోనే వదిలేస్తారు కాబట్టి ఇది తెలివైన పనే, కానీ బంగాళాదుంపలు, ఉల్లి, క్యాబేజీ పంట మార్చి పంట వేయాలనుకునే పాతకాపులకు సగం మడి ఇరుకు.

కౌలుకు సొమ్ము ఏడాదికి సాధారణంగా కొన్ని పదుల పౌండ్లు. ఊరిని బట్టి మారుతుంది. పింఛనుదారులకు, ఆదాయం లేనివారికి చాలాచోట్ల రాయితీ ఉంటుంది. కౌలుదారు నుంచి సమంజసంగా ఆశించదగ్గంతే అడగాలని చట్టం అంటుంది. 1981లో రీగేట్ అండ్ బాన్‌స్టెడ్ కౌన్సిల్ కౌలు అమాంతం పెంచితే ఒక కౌలుదారు కోర్టుకెళ్లి గెలిచాడు. మిగతా ఆటస్థలాలు, వినోద సౌకర్యాల రుసుములతో పొంతన లేకుండా తోటమాలుల మీదే భారం వేయకూడదని ఆ తీర్పు సారాంశం.

ఆ సొమ్ముకు కౌన్సిల్ ఇచ్చేవి: కంచె, తాళం వేసిన గేటు, లోపలి దారులు, నీటి తొట్టెలు. నీళ్లే పెద్ద ఖర్చు, పెద్ద తగువు కూడా. చాలాచోట్ల గొట్టం పెట్టి తడపనివ్వరు. తొట్టెలోంచి క్యాన్‌తో ముంచి పోయాలి, లేదా షెడ్డు కప్పు మీద పడిన వానను పీపాలో పట్టుకోవాలి. చెత్త తగలబెట్టడం కొన్నిచోట్ల చలికాలంలోనే, కొన్నిచోట్ల అసలే లేదు. షెడ్డుకు, గాజు గదికి కొలతల హద్దులుంటాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు అధికారి వచ్చి మడులన్నీ చూసి వెళ్తాడు. కలుపు పెరిగి బీడుపడిన మడికి హెచ్చరిక, ఆపై నోటీసు. జబ్బు చేసినవారికి, ఇంట్లో కష్టం వచ్చినవారికి గడువు ఇచ్చే అధికారి మంచి అధికారి. అలా ఇవ్వని చోట పాతికేళ్లు సాగు చేసిన ముసలివాళ్లు ఒక్క ఆస్పత్రి వేసవితో మడి పోగొట్టుకుంటారు.

కౌన్సిల్ నేరుగా నడపకుండా మొత్తం తోటను తోటమాలుల సంఘానికి కౌలుకిచ్చే పద్ధతి కూడా బాగా వ్యాపించింది. అప్పుడు జాబితా నడపడం, కౌలు వసూలు చేయడం, నీటి బిల్లు కట్టడం సంఘం పని. వసూలైన దాంట్లో కొంత సంఘానికే మిగులుతుంది. చాలా సంఘాలకు ఒక చెక్కగది దుకాణం ఉంటుంది. ఆదివారం పొద్దున తెరుస్తారు. విత్తనాలు, ఎరువు, విత్తే బంగాళాదుంపలు టోకున తెప్పించి సభ్యులకు చవగ్గా ఇస్తారు. కొత్తవాళ్లకు వ్యవసాయ పాఠం దొరికేది అక్కడే. ఆగస్టులో జరిగే జాతీయ అలాట్‌మెంట్ల వారంలో గేట్లు తెరిచి ఊరందరినీ పిలుస్తారు. ఈశాన్య ఇంగ్లండు గని పట్టణాల్లో లీక్ అనే ఉల్లి జాతి కూర పోటీలకు పెద్ద పేరు. అక్కడి మడుల్లో పావురాల గూళ్లు కట్టడం కూడా ఆనవాయితీ. సండర్‌లాండ్ దగ్గర రైహోప్‌లోని ఒక పావురాల గూడు చారిత్రక కట్టడాల జాబితాకెక్కింది.

దేశంలో అన్నిటికన్నా ఎక్కువ మడులు నడిపే కౌన్సిల్ బర్మింగ్‌హామ్‌ది. నూరుకు పైగా తోటలు, వేల మడులు దాని కింద ఉన్నాయి.

యుద్ధాలు, ఆ తర్వాత

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు ఆహార నౌకలను ముంచుతుంటే, ఊళ్లలో ఖాళీగా పడున్న నేలను సాగుకు తీసుకునే అధికారం ప్రభుత్వం కౌన్సిళ్లకు ఇచ్చింది. రైలు పట్టాల పక్కన, పార్కుల్లో, ఆటస్థలాల్లో మడులు వెలిశాయి. యుద్ధం ముగిసేనాటికి వాటి సంఖ్య దాదాపు 15 లక్షలు. రెండో యుద్ధంలో "విజయం కోసం తవ్వండి" అన్న పిలుపు ఇంటింటికీ చేరింది. లండన్ టవర్ కందకంలో కూడా కూరగాయలు పండాయి. అప్పుడూ సంఖ్య 14 లక్షల దాకా వెళ్లింది.

రేషన్ 1954లో ముగిసింది. ఇళ్లకు, బడులకు స్థలాలు కావలసివచ్చాయి, మడులు తరిగిపోయాయి. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు హ్యారీ థార్ప్ నాయకత్వంలో ప్రభుత్వం వేసిన సంఘం 1969లో నివేదిక ఇచ్చింది. తుప్పు రేకుల షెడ్లు, పేదల తోట అన్న ముద్ర ఈ వ్యవస్థను చంపుతున్నాయని, పేరునే విశ్రాంతి తోటలుగా మార్చి, పూలకూ కుటుంబాలకూ చోటిచ్చి బాగుచేయాలని అది సూచించింది. సూచనల్లో అమలైనవి కొన్నే. 1990ల నడుమకు మడులు మూడు లక్షలకు పడిపోయాయి. ఆ తర్వాత రసాయనాలు లేని కూర తినాలన్న కోరిక, 2020 కరోనా నెలల్లో బయటి గాలి కోసం పడిన తపన కలిసి నిరీక్షణ జాబితాలను మళ్లీ పొడిగించాయి.

నేల విలువైన కొద్దీ తగాదాలు పెరిగాయి. తూర్పు లండన్‌లోని మేనర్ గార్డెన్ తోటలు సుమారు నూరేళ్ల నాటివి. 2012 ఒలింపిక్స్ ప్రాంగణం కోసం 2007లో వాటిని చదును చేశారు. వాట్‌ఫర్డ్‌లో 1896 నుంచి ఉన్న ఫార్మ్ టెర్రస్ తోటను ఆస్పత్రి పరిసరాల అభివృద్ధికి తీసుకోవాలని కౌన్సిల్ నిర్ణయిస్తే తోటమాలులు ఏళ్ల పాటు హైకోర్టులో పోరాడారు. మొదట మంత్రి ఇచ్చిన అనుమతి చెల్లలేదు. చివరికి 2016లో తీర్పు కౌన్సిల్ వైపే వచ్చింది. 1925 చట్టం గోడ కాదని, దాటడం కష్టమైన గడప మాత్రమేనని ఈ కేసు చూపింది. అయినా ఆ గడప లేకపోతే పోరాడే అవకాశమే ఉండేది కాదు.

నేల, నగరం

షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెస్టర్ నగరంలో మట్టి నమూనాలు తీసి 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అలాట్‌మెంట్ మట్టిలో చుట్టుపక్కల పొలాల మట్టి కన్నా సేంద్రియ కర్బనం 32 శాతం, నత్రజని 25 శాతం ఎక్కువ. మట్టి గట్టిపడటం కూడా తక్కువే. కారణం తోటమాలులు తరతరాలుగా వేస్తున్న కంపోస్టు, పశువుల ఎరువు. 2020లో అదే విశ్వవిద్యాలయం మరో లెక్క వేసింది: షెఫీల్డ్ ఇళ్ల తోటల్లో, పచ్చని ఖాళీల్లో పదో వంతు సాగు చేస్తే నగర జనాభాలో 15 శాతానికి ఏడాదంతా సరిపడా కూరగాయలు, పండ్లు పండుతాయి. ఊరంతటికీ తిండి పెట్టే మార్గం కాకపోయినా అది తక్కువ పంటేమీ కాదు. పాత ఫ్యాక్టరీ నేలలతో మాత్రం జాగ్రత్త అవసరం. సీసం వంటి లోహాలున్న చోట కౌన్సిళ్లు మట్టి పరీక్ష చేయించి, బయటి మట్టితో నింపిన ఎత్తు మడులు కట్టిస్తాయి. చక్రాల కుర్చీలో వచ్చేవారికి కూడా ఈ ఎత్తు మడులే అనువు.

ఇంగ్లండు నడిమి జిల్లాల్లో మడుల ముఖచిత్రం వలస వచ్చినవాళ్ల వల్ల మారింది. లెస్టర్, బర్మింగ్‌హామ్ తోటల్లో కొత్తిమీర, మెంతి, ముల్లంగి, సొరపాదు ఇప్పుడు మామూలు దృశ్యం. కరీబియన్ కుటుంబాలు తోటకూర జాతి ఆకుకూర వేస్తాయి. కావెంట్రీ దగ్గరున్న గార్డెన్ ఆర్గానిక్ సంస్థ 2010 తర్వాత కొన్నేళ్లు ఈ తోటమాలుల దగ్గర పంటల సంగతులు, విత్తనాలు సేకరించి ఇతరులకు అందించే పథకం నడిపింది. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారికి కూడా ఇవి దారి చూపే అనుభవాలు. కొత్తిమీర, పాలకూర, మెంతి అక్కడి చల్లని వసంతంలో ఆరుబయటే వస్తాయి. బచ్చలి, బెండ, గోంగూరలకు వేడి కావాలి; గాజు గది గానీ ప్లాస్టిక్ గూడు గానీ లేనిదే నమ్మకంగా రావు. మార్చిలో కిటికీ దగ్గర నారు పోసి, మంచు భయం తీరిన జూన్‌లో గూట్లో నాటితే గోంగూర వేసవి నడుమకు కోతకొస్తుంది.

కలిసి సాగు చేసే తోటలు

అలాట్‌మెంట్‌లో మడి ఒకరిది, గేటుకు తాళం ఉంటుంది. దీనికి భిన్నంగా అందరూ కలిసి పండించి పంచుకునే తోటలు ఇటీవల పెరిగాయి. యార్క్‌షర్‌లోని టాడ్‌మర్డెన్‌లో 2008లో కొందరు స్థానికులు పోలీసు ఠాణా ముందు, ఆరోగ్య కేంద్రం దగ్గర, రైల్వే స్టేషన్‌లో కూరగాయలు, మూలికలు నాటారు. ఎవరైనా కోసుకోవచ్చు. ఇన్‌క్రెడిబుల్ ఎడిబుల్ అనే ఆ ప్రయత్నం దేశమంతా, ఇతర దేశాలకూ పాకింది. ఆ ఉద్యమం అడుగుతున్న సాగు హక్కును 2023 అక్టోబరులో హల్ నగర కౌన్సిల్ మొదటిసారి తీర్మానంగా ఆమోదించింది. సాగుకు పనికొచ్చే కౌన్సిల్ ఖాళీ నేలలను గుర్తించి స్థానిక బృందాలకు అందుబాటులోకి తేవాలన్నది దాని ఉద్దేశం.

స్కాట్లండ్ మరో అడుగు వేసింది. 2015 నాటి సముదాయ సాధికారత చట్టం ప్రకారం, నిరీక్షణ జాబితా మొత్తం మడుల్లో సగం దాటకుండా, ఎవరూ అయిదేళ్లకు మించి ఎదురుచూడకుండా కౌన్సిల్ తగిన చర్యలు తీసుకోవాలి. ఊళ్లో ఎక్కడెక్కడ పంటకు నేల ఇవ్వవచ్చో తెలిపే ప్రణాళిక కూడా ప్రచురించాలి. తగినన్ని అన్న మాటతో 1908 చట్టం వదిలేసిన చోట ఇక్కడ అంకెలు వచ్చాయి. ఇంగ్లండు కూడా ఈ దారి పట్టాలి.

ఇతర దేశాల్లో, మన దగ్గర

అమెరికాలో నగరం పేదలకు మడులిచ్చిన తొలి ప్రయత్నాల్లో ముఖ్యమైనది డెట్రాయిట్ మేయర్ హేజెన్ పింగ్రీది; 1893 మాంద్యం తర్వాతి ఏడాది ఖాళీ స్థలాల్లో బంగాళాదుంపలు వేయించాడు. సియాటిల్ నగరం 1973 నుంచి పీ-ప్యాచ్ పేరుతో తోటలు నడుపుతోంది. పికార్డో అనే రైతు కుటుంబం పొలంలో మొదలైంది కాబట్టి ఆ పేరు. న్యూయార్క్ గ్రీన్‌థమ్ పథకం 1978లో మొదలైంది. 1999లో ఆ నగరం నూరుకు పైగా తోటలను వేలానికి పెడితే, రెండు స్వచ్ఛంద సంస్థలు 42 లక్షల డాలర్లు పెట్టి కొని కాపాడాయి. 1925 చట్టం లాంటిది లేని చోట తోటను కాపాడింది దాతల సొమ్ము. జర్మనీలో 1983 నాటి సమాఖ్య చట్టం మడికి 400 చదరపు మీటర్ల గరిష్ఠ పరిమితి పెట్టింది. అర్జెంటీనాలోని రొసారియో పురపాలక సంస్థ 2001 ఆర్థిక సంక్షోభం తర్వాత నిరుద్యోగులకు ఖాళీ నేలలు ఇచ్చి, పంట అమ్ముకోవడానికి సంతలు కూడా ఏర్పాటు చేసింది.

భారత రాజ్యాంగంలో 74వ సవరణతో చేరిన 12వ షెడ్యూల్ ఉద్యానాలు, పార్కులు, పట్టణ అడవుల పెంపకాన్ని పురపాలక సంస్థలకు అప్పగించదగ్గ పనుల్లో చేర్చింది. తెలంగాణ 2019 పురపాలక చట్టం బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి కేటాయించాలంటుంది. ఈ సొమ్ముతో సాగేది నర్సరీలు, చెట్ల పెంపకం, ప్రకృతి వనాల పని. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో కూరగాయలు పండించేవాళ్లు మేడ మీద కుండీల్లో, గ్రో బ్యాగుల్లో సొంత ఖర్చుతో పండించుకుంటున్నారు. ఉద్యాన శాఖ కొంతకాలం రాయితీపై కిట్లు ఇచ్చింది. మేడ లేనివారికి, అద్దె గదుల్లో ఉండేవారికి ఈ దారి లేదు. లేఅవుట్లలో ఉమ్మడి అవసరాలకు వదిలి పురపాలక సంస్థకు అప్పగించే ఖాళీ స్థలాలు మన పట్టణాల్లో ఉన్నాయి. వాటిలో ఒక భాగాన్ని నోటీసు గడువు, నీటి వసతి, జాబితా ఉన్న మడులుగా కౌలుకివ్వడానికి రాజ్యాంగం అడ్డు రాదు. కావలసింది పురపాలక చట్టాల్లో పంటకాలాన్ని గౌరవించే ఒక నిబంధన.